ఆరేలోగా

అరవై మూడో ఏట, ఒక మంగళవారం పొద్దున
కాంకాల్ రేవు గోడ పక్కన
మడతకుర్చీ వేసుకుని కూచున్నాను,
సముద్రం ముందు చేతిలో కత్తి లేకుండా
మొదటిసారి.

నలభై ఏళ్ళు ఈ చెయ్యి నేర్చిందల్లా
ఆల్చిప్పల నోరు తెరిపించడం.
బ్రష్షునీ అలాగే పట్టుకున్నాను.
"పొడవకండి ఇవొనిక్ గారూ," అంది సోలెన్,
"కాన్వాసులో ముత్యాలేం లేవు."

ఆమెదీ నా పాత ట్రాక్టరుదీ ఒకటే వయసు.
మొదటిరోజే నా పెట్టెలోంచి
నల్లరంగు గొట్టం తీసి జేబులో వేసుకుంది.
నలుపు లేకుండా బురద వెయ్యడమెలా?
ఆ బురద నాకు తెలుసు.
కావాలంటే నా మోకాళ్ళనడగండి.

"తెలిసింది వెయ్యకండి, కనబడింది వెయ్యండి."

మూడు వారాలు తెలిసిందే వేశాను.
ఆటు దిగాక బయటపడే ఇనపబల్లల వరసలు,
ఒక్కో బల్లకీ నాలుగేసి కాళ్ళు,
తుప్పుపట్టిన రెండో వరస చివరి కాలుతో సహా.
ఆమె చాలాసేపు చూసి అంది:
"కంచె బాగా కుదిరింది. సముద్రమేదీ?"

కళ్ళు చికిలించమంది.
చికిలించాను.
కాళ్ళు పోయాయి, బల్లలు పోయాయి,
ఎవరో తడిచేత్తో తుడిచినట్టు
అడ్డంగా నాలుగు మెరుపులు మిగిలాయి.
వాటి కింద నీడ
ఊదాగా ఉంది.

నలభై ఏళ్ళు ఊదారంగులో నడిచి
ఇంటికొచ్చి
నల్లటి బూట్లు కడుక్కున్నానన్నమాట.

ఇక అక్రిలిక్ సంగతి.
నీలం పిండి, పసుపు మూత తిప్పేలోగా
మా గాలికి నీలం మీద మీగడ కట్టేస్తుంది.
నూనెరంగులవాళ్ళకి రేపటిదాకా గడువుంది,
నాకు నాలుగు నిమిషాలు.
పైగా తడిగా ఉన్నప్పుడు ఒక మాట,
ఆరాక ఇంకాస్త ముదురు మాట
అచ్చం మా బావమరిదే.

సోలెన్ ఉపాయం చెప్పింది:
రేకుడబ్బాలో తడిగుడ్డ,
గుడ్డ మీద బటర్ పేపరు, దాని మీద రంగు,
ఎండుతోందనిపిస్తే పైనుంచి రెండు చిలకరింతలు.
"పారిస్‌కి సరుకు పంపేటప్పుడు
మేమూ పెట్టెల్లో తడి నాచు కప్పేవాళ్ళం,
దారిలో చావకుండా," అన్నాను.
ఆరోజునుంచి నన్ను 'గారూ' అనడం మానేసింది.

నాలుగో మంగళవారం
పోటు తొందరగా మొదలైంది.
ముందు నీళ్ళొస్తున్నాయి, పలక మీద రంగు పోతోంది,
ఇద్దరూ ఆగేరకం కాదు.
కలపడం మానేశాను.
నీలం పక్కన నారింజ, అలాగే పెట్టేశాను.
ఊదా పక్కన ఎండుగడ్డి రంగు.
తప్పో ఒప్పో చూసుకునే తీరిక లేదు.
బ్రష్షు కొసకి ఇంకాస్త పసుపు మిగిలితే
పారెయ్యబుద్ధికాక
దూరంగా, నీటి అంచున
ఒక్క చుక్క ఈడ్చి వదిలాను.

మూడడుగులు వెనక్కి వేస్తే
వెనక గ్వెనోలా. పాత జతగత్తె,
ఇప్పటికీ పనిలోనే ఉంది.
బూట్లనుంచి నీళ్ళు కారుతుండగా
బొమ్మని కాసేపు చూసి, ముక్కు ఎగబీల్చి,
"కొరాంతాన్ కదూ అది?
మళ్ళీ నడుం పట్టేసినట్టుంది," అంది.

వంగి చూశాను.
బియ్యపుగింజంత పసుపు.
ముఖం లేదు, కాళ్ళు లేవు,
కాస్త ఎడమకి ఒరిగింది, అంతే.
తలెత్తి చూస్తే, అల్లంత దూరాన
పసుపు వానకోటులో కొరాంతాన్
నడుం మీద చెయ్యేసుకుని నిలబడున్నాడు.

ఆ చెయ్యొకటి పెడదామని
బ్రష్షు ముంచాను.
చూసుకుందును కదా, పసుపు ఆరిపోయింది.

బతికిపోయాడు.